పరిధీయ నాడీ గాయం, నాడీకణ మరణం

మెదడు, వెన్నుపాములకు వెలుపల ఉన్న నాడులు తెగినా, నలిగినా, వ్యాధితో దెబ్బతిన్నా దాన్ని పరిధీయ నాడీ గాయం అంటారు. దెబ్బ చేతికో కాలికో తగిలినా, దాని ప్రభావం వెన్నుపాములోను, దాని పక్కన ఉండే ముడుల్లోను ఉన్న నాడీకణాల దాకా పాకుతుంది. కణం బతికితేనే తెగిన తంతువు మళ్లీ పెరుగుతుంది. ఆ పెరుగుదల రోజుకు సుమారు 1 మి.మీ.

తొలి పరిశోధనలు

కప్ప నాలుకకు వెళ్లే నాడులను కోస్తే కోతకు అవతలి భాగం శిథిలమవుతుందని అగస్టస్ వాలర్ 1850లో నిరూపించాడు. నాడి తెగితే దాని మూలకణంలోనూ మార్పులు వస్తాయని 1890లలో ఫ్రాంజ్ నిస్సెల్ గుర్తించాడు. 1943లో హెర్బర్ట్ సెడన్ ఈ గాయాలను మూడు రకాలుగా విభజించాడు.

బతుకు, చావు సంకేతాలు

నాడీకణం మనుగడకు, ఎదుగుదలకు తోడ్పడే ప్రోటీన్‌ను రీటా లెవీ-మోంటాల్చీని, స్టాన్లీ కోహెన్ 1950లలో కనుగొన్నారు. 1986లో వారికి నోబెల్ బహుమతి లభించింది. నాడి తెగితే, తంతువు వెంట కణానికి అందే ఇలాంటి పోషక సంకేతాలు ఆగిపోతాయి. వాటి స్థానంలో గాయపు సంకేతాలు చేరి, సి-జున్ వంటి ప్రోటీన్లను మేల్కొలుపుతాయి. ఇవే కొన్ని కణాలను మరమ్మతుకు, కొన్నింటిని మరణానికి నడిపిస్తాయి. కణం తన లోపలి ఏర్పాటుతోనే నశించే ఈ తీరుకు 1972లో జాన్ కెర్ బృందం ‘అపోప్టోసిస్’ అని పేరు పెట్టింది. గాయం వెన్నుపాముకు ఎంత దగ్గరగా ఉంటే కణాలకు అంత ముప్పు. పెద్దవారిలో కండరాలను కదిలించే కణాలకంటే స్పర్శకణాలే ఎక్కువగా నశిస్తాయి.

తెలంగాణలో కుష్ఠు చికిత్స

పరిధీయ నాడులను దెబ్బతీసే ప్రధాన అంటువ్యాధి కుష్ఠు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రిని నెలకొల్పారు. దాత రాజా నర్సాగౌడ్ అండగా నిలిచారు. చాల్‌ముగ్రా జాతి నూనె ఇంజెక్షన్లే అప్పటి చికిత్స.

మోచేతి లోపలివైపు ఎముక వెనక వేలితో తడిమితే, వ్యాధి సోకిన నాడి లావెక్కి తాడులా చేతికి తగులుతుంది. చిటికెనవేలు, ఉంగరపు వేలు మొద్దుబారి, క్రమంగా ముడుచుకుపోతాయి. కుష్ఠు క్రిమి నాడీతంతువును చుట్టి ఉండే ష్వాన్ కణాల్లో చేరుతుంది. ఆ కణాల ఉపరితలంపై ఉండే గ్రాహకాలనే వాడుకుని తంతువు పైపొరను ఊడగొడుతుందని అనురా రంబుక్కన బృందం 2000 దశకంలో వెల్లడించింది.

నేటి అవగాహన

1980లలో వచ్చిన బహుళ ఔషధ చికిత్స 6 నుంచి 12 నెలల్లో క్రిమిని తుదముట్టిస్తుంది. చచ్చిన నాడిని మాత్రం అది తిరిగి బతికించలేదు. నాడి వాపును తొలిదశలోనే పసిగట్టి స్టెరాయిడ్లు ఇస్తే స్పర్శ, బలం చాలామందిలో మెరుగవుతాయి. అందుకే స్పర్శ లేని మచ్చ కనబడగానే పరీక్ష చేయించుకోవాలి. ఆలస్యమైన కొద్దీ నాడి కోలుకునే అవకాశం తగ్గిపోతుంది.