ఊరి చెట్టునకు నీరు పోయువారెవరు?

ఊరిని అందముగా నుంచుకొనవలెనను కోరిక పట్టణములు మన పల్లెలకు నేర్పినది కాదు. వాకిలి అలికి ముగ్గు పెట్టుట, బతుకమ్మకు తంగేడును గునుగును కోసి తెచ్చుట, రచ్చకట్టపై రావిని వేపను కలిపి పెంచుట ఎప్పటినుండియో యున్నవే. అయితే వాకిలి ఎవరిదో అందరికిని తెలియును, వీధి ఎవరిది? బాట వెంట నాటిన చెట్టు ఎవరిది? ఈ ప్రశ్నకు మన గ్రామములు వెదకుకొన్న సమాధానముల చరిత్రను ఇచట క్లుప్తముగా చెప్పదలచినాము.

1950 జూలైలో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించెను. ఏటేట వానకారున మొక్కలు నాటుట నాటినుండి దేశమున ఆచారమైనది. కాని నాటుట ఒకనాటి పండుగ. పెంచుట ఏడాది పొడవున పని. ఆషాఢమున నాటిన మొక్కకు అసలు పరీక్ష చైత్ర వైశాఖములలో వచ్చును. బావులు అడుగంటి, మేకలు పచ్చని ఆకు కొరకు వెదకు ఆ దినములలో బిందెడు నీరును, చుట్టు ముళ్లకంపయు సమకూర్చువారు ఉన్ననే మొక్క చెట్టగును.

1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో సామాజిక వనములను చేర్చినది. తెలంగాణమున 2015 జూలై 3న చిలుకూరులో హరితహారము ఆరంభమైనది. పచ్చదనమును 24 శాతమునుండి 33 శాతమునకు పెంచుట దాని లక్ష్యము. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము మరియొక అడుగు ముందుకు వేసినది. నాటిన మొక్కలలో 85 శాతమైనను బ్రతుకవలెననియు, ఆ బాధ్యత సర్పంచిదనియు విధించినది. ప్రతి పంచాయతీకి నాలుగు స్థాయీ సంఘములు ఏర్పడినవి. అందొకటి మొక్కల పెంపకమునకే. సంఘమునకు 15 మంది సభ్యులు, అందు సగము స్త్రీలు. 2019 సెప్టెంబరు 6న మొదలైన ముప్పది దినముల ప్రణాళికతో ఈ సంఘములు పనిలోనికి దిగినవి. తరువాత పంచాయతీలకు ట్రాక్టరును, నీటి ట్యాంకరును సమకూడినవి.

వీర్నపల్లి వంటి ఊరిని తలచుకొందము. పూర్వము ఎల్లారెడ్డిపేట మండలములో నుండిన ఈ గ్రామము 2016 అక్టోబరు 11న రాజన్న సిరిసిల్ల జిల్లాతోపాటు మండల కేంద్రమైనది. అడవి చెంతనే యున్నది. అయినను బడి ముంగిటికి, అంగడి బాటకు అడవి వచ్చి నీడ నీయదు. ఆ నీడను ఊరివారే పెంచుకొనవలెను.

2024 జనవరితో సర్పంచుల పదవీకాలము ముగిసినది. 2025 డిసెంబరు ఎన్నికల వరకు ప్రత్యేకాధికారులు పంచాయతీలను నడిపిరి. చట్టము బాధ్యునిగా చేసిన సర్పంచియే లేని ఆ రెండు వేసవులలో మొక్క ఎవరిని అడుగవలెను? మొక్కకు పదవీకాలము లేదు. దానికి దప్పి మాత్రము కలదు.

కనుక మేము చెప్పునది ఒక్కటే. చట్టము సంఘమును ఏర్పరుపగలదు, ట్యాంకరు నీరు తేగలదు. తన గడప యెదుటి చెట్టు తనదనుకొను ఇల్లాలును, దానికి కంప కట్టు పిల్లవాడును ఉన్ననే ఆ సంఘమునకు ప్రాణము వచ్చును. ఊరి అందము కాగితముపై గాక, వైశాఖమాసపు మధ్యాహ్నమున ఆ చెట్టు నీడలో కనబడవలెను.