శ్రీ నీలం సంజీవరెడ్డిగారు: నంద్యాల ఎన్నుకొనిన పెద్ద

అహోబిల క్షేత్రము ఆళ్లగడ్డ శాసనసభా స్థానమునకును, నంద్యాల లోక్‌సభా స్థానమునకును చెందినది. 1977వ సంవత్సరపు ఎన్నికలలో ఆంధ్రప్రదేశమునందలి 42 లోక్‌సభా స్థానములలో 41 కాంగ్రెసు పక్షమునకు దక్కినవి. మిగిలిన ఆ యొక్కటియు నంద్యాలయే. జనతా పక్షమున నిలిచి అచ్చట గెలిచినవారు శ్రీ నీలం సంజీవరెడ్డిగారు. అప్పటికి వారి వయస్సు 63 ఏండ్లు. గెలుపును ఓటమిని పలుమారులు చవిచూచిన ఆ వృద్ధనాయకుని జీవితము ఈ సీమవారు తెలిసికొనదగినది.

సంజీవరెడ్డిగారు 1913 మే 19వ తేదీన అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామమున రైతు కుటుంబమున జన్మించిరి. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజ పాఠశాలలోను, పిమ్మట అనంతపురం కళాశాలలోను చదివిరి. 1929లో గాంధీమహాత్ముని రాకచే ప్రేరితులై చదువు విడిచి ఖద్దరు దాల్చిరి. 1935లో నాగరత్నమ్మగారిని వివాహమాడిరి. ఆ దంపతులకు ఒక కుమారుడు, ముగ్గురు కుమార్తెలు.

1938లో వారు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు కార్యదర్శియై పదేండ్లు ఆ భారము వహించిరి. 1940 మొదలు 1945 వఱకు గల కాలములో అధికభాగము చెరసాలలోనే గడచినది. క్విట్ ఇండియా ఉద్యమకాలమున బీరారులోని అమరావతి కారాగారమున ప్రకాశం పంతులుగారు, కామరాజుగారు, వి.వి. గిరిగారు వారికి తోడి ఖైదీలు. పెండ్లియైన అయిదేండ్లకే కలిగిన ఆ యెడబాటు గృహిణికి తేలికైనది కాదు. దేశభక్తుల కథలలో చెరసాలల పేర్లు వ్రాయుదురు గాని, ఇంట మిగిలినవారి కష్టమును వ్రాయుట అరుదు.

వారి కుటుంబమునకు వేరొక పరీక్షయు వచ్చినది. బావమరిది తరిమెల నాగిరెడ్డిగారు కమ్యూనిస్టు నాయకులు. 1952 ఎన్నికలలో అనంతపురమున జైలునుండియే పోటీచేసి బావగారిని ఓడించిరి. ఒక యింటి బంధువులు ఇరువురును తాము నమ్మిన త్రోవను విడువలేదు. నాగిరెడ్డిగారు 1976లో అజ్ఞాతవాసకాలమున మరణించిరి.

1956 నవంబరు 1న సంజీవరెడ్డిగారు ఆంధ్రప్రదేశమునకు తొలి ముఖ్యమంత్రియైరి. 1960లో అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులై, 1962లో మరల ముఖ్యమంత్రి పదవికి వచ్చిరి. కర్నూలు జిల్లా బస్సు మార్గముల జాతీయీకరణ వ్యవహారమున సుప్రీంకోర్టు ప్రతికూల వ్యాఖ్యలు చేయగా, 1964లో ఆ పదవికి రాజీనామా చేసిరి.

1967లో లోక్‌సభాపతియైనప్పుడు, ఆ పీఠము పక్షములకు అతీతమని తలచి పార్టీ సభ్యత్వము వదలుకొనిరి. 1969లో రాష్ట్రపతి పదవికి పోటీచేసి స్వల్ప వ్యత్యాసముతో ఓడిరి. గెలిచినవారు ఒకనాటి తోడి ఖైదీ గిరిగారే. 1971లో లోక్‌సభ ఎన్నికలలోను ఓడి, ఇల్లూరు చేరి వ్యవసాయము చేసికొనుచుండిరి. పదవి పోయినవారికి నిలువ నీడనిచ్చునది ఇల్లును, పొలమునే గదా!

1975లో వారు మరల ప్రజాజీవితమున ప్రవేశించిరి. నంద్యాల గెలుపు తరువాత మరల సభాపతియై, 1977 జూలైలో పోటీలేకుండ రాష్ట్రపతిగా ఎన్నికైరి. భారత రాష్ట్రపతులలో అట్లు ఏకగ్రీవముగా ఎన్నికైనవారు వారొక్కరే. 1979లో చరణ్‌సింగుగారి సలహాపై లోక్‌సభను రద్దుచేసిన వారి నిర్ణయము విమర్శలకు గురియైనది. ఆ విమర్శలను దాచుట చరిత్రకు న్యాయము కాదు. 1982లో పదవీకాలము ముగియగనే అనంతపురమునకు మరలివచ్చిరి. 1996 జూన్ 1వ తేదీన బెంగుళూరులో, 83వ యేట పరమపదించిరి.

వారు ముఖ్యమంత్రిగా నున్న 1963లోనే శ్రీశైలము ప్రాజెక్టునకు నెహ్రూగారు శంకుస్థాపన గావించిరి. ఆ జలాశయమునకు నేడు నీలం సంజీవరెడ్డి సాగరమని పేరు. ఆళ్లగడ్డ సీమగుండ సాగు తెలుగుగంగ కాలువకు నీరు వచ్చునది అచ్చటినుండియే. ఈ సీమ రైతు ఒకనాడు ఓటు వేసి పంపిన పెద్ద పేరు, నేడు అతని పొలమున పారు నీటికి పుట్టినిల్లయి నిలిచియున్నది.