చెప్పకుండా తగ్గించిన వేగం

2017 డిసెంబరు. అమెరికాలో ఓ కుర్రాడి చేతిలో ఐఫోన్ 6ఎస్. రెండేళ్ల కిందటి మోడల్. కొన్ని వారాలుగా ఫోన్ మొరాయిస్తోంది. ఏది నొక్కినా ఒక పట్టాన తెరుచుకోదు. వచ్చిన అప్‌డేట్ వచ్చినట్టు వేస్తూనే ఉన్నాడు, ఫలితం లేదు. కొత్త సాఫ్ట్‌వేరే బాగాలేదేమోనని సర్దుకుపోయాడు. ఇంతలో ఓసారి సోదరుడి ఫోన్ వాడి చూశాడు. అది ఐఫోన్ 6 ప్లస్. తనదానికంటే ఏడాది ముందొచ్చిన మోడల్, అయినా తనదానికంటే చురుగ్గా పనిచేస్తోంది.

పాతది బాగానే ఉంటే, దానికంటే కొత్తది ఎందుకు ఈడుస్తోంది?

ఇలాంటి అనుమానాన్ని చాలామంది అక్కడే వదిలేస్తారు. అతను వదల్లేదు. ఫోన్ వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్ యాప్‌తో పరీక్షించాడు. ప్రాసెసర్‌లోని ఒక కోర్ మీద 1466, అన్ని కోర్లూ కలిపి 2512 వచ్చింది. ఆ మోడల్‌కు రావలసినదానికంటే ఇది చాలా తక్కువ. బ్యాటరీ మార్చాక మళ్లీ కొలిచాడు. ఈసారి 2526, 4456. ప్రాసెసర్ మారలేదు, తెర మారలేదు. మారిందల్లా బ్యాటరీ. ఆ అంకెలన్నీ ఇంటర్నెట్‌లో అందరి ముందూ పెట్టాడు. ‘మీ ఫోన్ కూడా నెమ్మదించిందా? అయితే బ్యాటరీ మార్చి చూడండి’ అన్నది అందులోని సారాంశం.

ఐఫోన్ 6ఎస్‌లో బ్యాటరీ మార్చడం ఏమంత పెద్ద పని కాదు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో రిపేరు కౌంటర్ ముందు నిలబడి చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఛార్జింగ్ పెట్టే చోటికి అటొకటి, ఇటొకటి బుల్లి స్క్రూలుంటాయి. వాటి తల ఐదు కోణాల నక్షత్రంలా ఉంటుంది కాబట్టి ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్‌కు లొంగవు. అవి తీసేసి, తెర మీద రబ్బరు కప్పు అంటించి, కింది అంచును కొద్దికొద్దిగా పైకి లేపుతారు. లోపల తెరకూ బోర్డుకూ మధ్య సన్నటి రిబ్బన్లు ఉంటాయి. అవి తెగకుండా చూసుకుంటూ ముందు బ్యాటరీ కనెక్షన్ ఊడదీస్తారు. బ్యాటరీ అడుగున జిగురు పట్టీలుంటాయి. వాటి కొస పట్టుకుని వాలుగా, నిదానంగా లాగితే సాగి సాగి బయటికొస్తాయి. తొందరపడితే మధ్యలోనే తెగుతాయి. అప్పుడిక బ్యాటరీని వంచకుండా, గీత పడకుండా పెకలించాలి. చిల్లు పడితే మంట లేస్తుంది మరి. చేయి తిరిగినవాళ్లకు మొత్తం మీద అరగంట పట్టదు.

సరిగ్గా ఆ డిసెంబరుకు నెల ముందే, నవంబరు 3న, ఐఫోన్ 10 బజారులోకి వచ్చింది. అమెరికాలో 999 డాలర్లు, మన దగ్గర 89,000 రూపాయలు. చేతిలోని ఫోన్ నెమ్మదించినవాడికి కళ్లెదుట కనిపించిన దారి అది. అరగంట పని చాలునని వాడికి చెప్పినవాళ్లెవరూ లేరు.

ఆ కుర్రాడి అంకెలు కెనడాలోని టొరంటో దాకా వెళ్లాయి. గీక్‌బెంచ్‌ను తయారుచేసే ప్రైమేట్ ల్యాబ్స్ ఉన్నది అక్కడే. దాని వ్యవస్థాపకుడు జాన్ పూల్. దేశదేశాల జనం తమ ఫోన్లను కొలుచుకున్నప్పుడల్లా ఆ ఫలితాలు వచ్చి ఆ సంస్థ దగ్గర పోగుపడుతుంటాయి. ఒక్క ఫోన్ కథ యాదృచ్ఛికం కావచ్చు. వేలాది ఫోన్లు అదే కథ చెబితే? పూల్ 6ఎస్ ఫలితాలన్నీ తీసి, ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ వెర్షన్ల వారీగా గ్రాఫులు గీశాడు. 10.2 వెర్షన్ దగ్గర ఒకటే శిఖరం ఉంది, అంటే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకే వేగంతో పనిచేస్తున్నాయి. 10.2.1 దగ్గరికొచ్చేసరికి ఆ శిఖరానికి ఎడమన, తక్కువ వేగాల దగ్గర, చిన్న చిన్న గుట్టలు లేచాయి. 11.2లో అవి ఇంకా పెరిగాయి. ఫోన్లు వాటంతటవే ముసలివై నీరసిస్తే గ్రాఫు ఇలా మెట్లుమెట్లుగా ఉండదు. ఎవరో వేగానికి మెట్లు కట్టారు, అదీ అప్‌డేట్‌తో పాటే.

డిసెంబరు 18న పూల్ ఈ గ్రాఫులు బయటపెట్టాడు. ఆయన అన్న మాటల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఒకటుంది. ఫోన్ పూర్తి వేగంతో నడవాలి, లేదా పవర్ తగ్గించుకున్నానని తెర మీద చెప్పి నెమ్మదించాలి. వాడేవాళ్లకు తెలిసిన స్థితులు ఈ రెండే. చెప్పకుండా నెమ్మదించే మూడో స్థితిని తెచ్చిపెడితే, జనం బ్యాటరీ మార్చాలని అనుకోరు, ఫోనే మార్చాలని అనుకుంటారు.

రెండు రోజులకే, డిసెంబరు 20న, యాపిల్ ఒప్పుకుంది. అవును, పాత బ్యాటరీ ఉన్న ఫోన్లలో ప్రాసెసర్ వేగానికి పరిమితి పెడుతున్నాం, అర్ధాంతరంగా ఆగిపోకుండా ఉండడానికే పెడుతున్నాం అని.

ఇక్కడ ఇంజినీర్ల పక్షాన కూడా మాట్లాడాలి. వాళ్లు చేసిన పనికి కారణముంది. లిథియం అయాన్ బ్యాటరీ వాడకం పెరిగేకొద్దీ, లోపలి నిరోధం పెరుగుతుంది. వోల్టేజీ తక్కువున్న సాయంత్రం బోరు మోటారు వేస్తే ఇంట్లో బల్బులు డీలా పడినట్టే, ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగేసరికి అరిగిన బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది. పడకూడని గీత దాటి పడితే, లోపలి భాగాలు పాడవకుండా ఫోన్ తనను తాను ఆపేసుకుంటుంది. చలి ఉంటే ఇది ఇంకా ఎక్కువ. 2016లో చాలా 6ఎస్ ఫోన్లు ఛార్జింగ్ బాగానే ఉన్నట్టు చూపిస్తూనే ఠక్కున ఆగిపోయేవి. ఆ నవంబరులో, 2015 సెప్టెంబరు, అక్టోబరుల్లో తయారైన కొన్నింటికి యాపిల్ ఉచితంగా బ్యాటరీ మార్చింది. మిగిలిన వాటికి 2017 జనవరిలో వచ్చిన 10.2.1లోనే వేగం తగ్గించే ఏర్పాటు చేసింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తుండగా ఆగిపోవడం కంటే నెమ్మదిగానైనా నడవడం మేలు కదా. అందులో నాకు తప్పు కనిపించదు.

తప్పంతా చెప్పకపోవడంలో ఉంది. ఆ అప్‌డేట్ వచ్చినప్పుడు ఫోన్ తెర మీద కనిపించింది బగ్‌లు సరిచేశాం, భద్రత పెంచాం అన్న మాటే. తర్వాత పవర్ మేనేజ్‌మెంట్ మెరుగుపరిచామన్నారు. వేగం తగ్గుతుందని ఎక్కడా లేదు. బ్యాటరీ మారిస్తే వేగం తిరిగొస్తుందనీ లేదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు లోపల ఏం జరుగుతోందో కొన్నవాళ్లకు తెలియకుండా దాచడానికి ఏ రసాయనశాస్త్రం సమాధానం చెబుతుంది? ఈ విషయంలో యాపిల్‌కు నేను ఏ మినహాయింపూ ఇవ్వను.

జనమూ ఇవ్వలేదు. రోజుల వ్యవధిలో కోర్టుల్లో దావాలు పడ్డాయి. డిసెంబరు 28న యాపిల్ క్షమాపణ చెబుతూ లేఖ విడుదల చేసింది. వారంటీ దాటిన ఫోన్లకు బ్యాటరీ మార్చే ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. 2018 మార్చిలో వచ్చిన 11.3లో బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో చూపించే పేజీ పెట్టింది. వేగం తగ్గించడం వద్దనుకుంటే ఆపుకునే వీలూ అందులోనే ఇచ్చింది. ఏడాది ముందే ఈ పేజీ పెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఫ్రాన్స్‌లో వ్యవహారం ఇంకాస్త ముదిరింది. వస్తువు త్వరగా పాతబడేలా కావాలని చేయడం అక్కడ 2015 నుంచి నేరం. ఓ వినియోగదారుల సంఘం ఫిర్యాదుతో పారిస్ ప్రాసిక్యూటర్ 2018 జనవరిలో దర్యాప్తు మొదలుపెట్టారు. చివరికి 2020 ఫిబ్రవరిలో యాపిల్ 2.5 కోట్ల యూరోల జరిమానాకు ఒప్పుకుంది. అభియోగం ఏమిటంటే, చెప్పవలసింది చెప్పకుండా తప్పుదోవ పట్టించడం. ఆ సంగతి తెలిపే ప్రకటనను తన ఫ్రెంచి వెబ్‌సైట్‌లో నెల రోజులు ఉంచవలసి వచ్చింది కూడా. ఇటలీ 2018లోనే యాపిల్‌కు కోటి యూరోలు, గెలాక్సీ నోట్ 4 అప్‌డేట్ వ్యవహారంలో శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. అమెరికాలో వాడకందారుల దావా 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించే ఒప్పందంతో ముగిసింది. క్లెయిము పెట్టుకున్నవాళ్ల చేతికి 2024 జనవరిలో తలా 92 డాలర్ల చొప్పున అందాయి. మన ఊళ్లలో అవే ఫోన్లు కొన్నవాళ్లకు ఆ ఒప్పందంలో చోటు లేదు. చౌక బ్యాటరీ అవకాశం మాత్రం దక్కింది.

ఈ గాథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన కాగితం కోర్టుది కాదు. 2019 జనవరి 2న యాపిల్ సీఈఓ టిమ్ కుక్ మదుపర్లకు రాసిన లేఖ. అమ్మకాలు అనుకున్నంత లేవని చెబుతూ ఆయన ఇచ్చిన కారణాల్లో, జనం తగ్గింపు ధరకు బ్యాటరీలు మార్పించుకోవడం ఒకటి. అంటే నిజం తెలిశాక, ధర అందుబాటులోకి వచ్చాక, కొత్త ఫోన్ అక్కర్లేదని ఎందరో తేల్చుకున్నారు. ముందే చెప్పి ఉంటే అంతకు ముందు ఏడాది కొన్నవాళ్లలోనూ ఎందరో కొని ఉండేవారు కాదు.

అదే ఏడాది, అధీకృత కేంద్రంలో కాకుండా బయట బ్యాటరీ మార్పిస్తే కొన్ని కొత్త మోడళ్లలో హెచ్చరిక రావడం మొదలైంది, ఆరోగ్య శాతం కనిపించడం మానేసింది. దాచడం మళ్లీ వేరే రూపంలో వచ్చింది. యూరప్ మాత్రం దారి చూపింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ కొత్తగా అమ్మకానికి వచ్చే ఫోన్ల బ్యాటరీ 800 ఛార్జింగ్ సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా ఏడేళ్లు విడిభాగాలు దొరకాలి. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెరిచింది. కంపెనీలు తమ సర్వీసు వివరాలు అందులో పెడుతున్నాయి. యూరప్‌లో ఉన్నట్టు 800 సైకిళ్లు, ఏడేళ్ల విడిభాగాలు అన్న నిబంధన మనకూ రావాలి. అంతవరకు బ్యాటరీ విషయంలో మోసపోయామనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.