డోలి కోయల కథనం

జూలూరుపాడు 2016 దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మండలం. ఇక్కడి నుంచి భద్రాచలం, ఏటూరునాగారం వైపు సాగే అడవుల్లో కోయల చరిత్ర పుస్తకాల్లో కన్నా వారి వంశగాథలు పాడే డోలి కోయల గొంతుల్లోనే ఎక్కువగా నిలిచింది. వేల్పుల కొలుపుల్లో వారు పడిగె విప్పుతారు. అది మూడు కోణాల గుడ్డ. దాని మీద గోత్రపు వేల్పులు, పూర్వికుల బొమ్మలు ఉంటాయి. డోలు మోగుతుండగా ఆ వంశగాథ పాడతారు.

ఈ కథనంలో గమనించదగినది ఉత్కంఠ లేకపోవడం. సమ్మక్క–సారలమ్మ గాథనే తీసుకుంటే, కరువు కాలంలో కప్పం కోసం కాకతీయ సేన మేడారం మీదికి వచ్చిందనీ, సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడనీ, గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయిందనీ వినేవారికి ముందే తెలుసు. అయినా కళ్లు చెమరుస్తాయి. ఏం జరుగుతుందన్న ఆరాటం లేనప్పుడు మనసంతా ఎలా జరిగిందన్న దాని మీదే నిలుస్తుంది. చావు తెలిసిన వీరుడి ప్రతి మాటా బరువెక్కుతుంది. పైగా అది వినేవారి సొంత వంశం కథ. అచ్చు నవలకు ఈ చనువు అంత తేలిగ్గా దొరకదు.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కోయ గాయకుడు సకిని రామచంద్రయ్య ఈ గాథలను కోయలోనూ తెలుగులోనూ పాడారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు.