వరుస కట్టే రేణువులు

1961లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు సెగ్రే, సిల్బర్‌బర్గ్ చేసింది చూడ్డానికి సాదాసీదా ప్రయోగమే. సెంటీమీటరు పైచిలుకు వ్యాసం ఉన్న గొట్టంలోకి, మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే ప్లాస్టిక్ పూసలు కలిపిన ద్రవాన్ని పంపారు. పూసలు మునగకుండా, తేలకుండా ద్రవం సాంద్రతను వాటి సాంద్రతకు సరిపెట్టారు. చెల్లాచెదురుగా లోపలికి వెళ్ళిన పూసలు కొంత దూరం పోయేసరికి అటు గోడనూ అంటుకోలేదు, ఇటు నడిమికీ చేరలేదు. కేంద్రం నుంచి వ్యాసార్థంలో 0.6 వంతు దూరాన వలయంగా కుదురుకున్నాయి.

వాటిని పక్కకు జరిపిందెవరు? ద్రవానికి జడత్వమే లేదనుకుంటే గట్టి గోళం ప్రవాహానికి అడ్డంగా జరగలేదని 1962లో బ్రెథర్టన్ గణితంతో చూపించాడు. కనుక ఆ పని జడత్వానిదే. గొట్టం నడుమ వేగం ఎక్కువ, గోడ దగ్గర సున్నా. ఈ తేడా గొట్టం అడ్డంగా ఒకే తీరుగా ఉండదు కాబట్టి రేణువు మీద గోడవైపు నెట్టే బలం పుడుతుంది. గోడను సమీపించేకొద్దీ గోడే దాన్ని వెనక్కి తోస్తుంది. రెండూ సమానమైన చోట రేణువు నిలబడుతుంది. 1974లో హో, లీల్, 1989లో షోన్‌బెర్గ్, హించ్, 1999లో అస్మోలోవ్ లెక్కను ఒక్కో మెట్టూ ఎక్కించారు. కానీ అదంతా ద్రవగతి శాస్త్రజ్ఞుల గూటిలోనే ఉండిపోయింది.

1990ల చివర్లో హార్వర్డ్‌లో వైట్‌సైడ్స్ బృందం సిలికోన్ రబ్బరుతో సూక్ష్మ నాళాలను చవగ్గా అచ్చుపోసే పద్ధతి తెచ్చాక మైక్రోఫ్లూయిడిక్స్ ఊపందుకుంది. అయితే ఆ రంగంలో అడుగుపెట్టిన వాళ్ళంతా మొదట నేర్చుకున్న పాఠం, ఇంత చిన్న నాళాల్లో జడత్వం లెక్కలోకి రాదని. 50 మైక్రాన్ల నాళంలో నీరు సెకనుకు ఒక మిల్లీమీటరు కదిలితే, జడత్వం స్నిగ్ధతకు (జిగటకు) ఎన్ని రెట్లో చెప్పే రెనాల్డ్స్ సంఖ్య 0.05. స్నిగ్ధతదే రాజ్యం. అదే నాళంలో వేగాన్ని సెకనుకు ఒక మీటరుకు పెంచితే ఆ సంఖ్య 50. ప్రవాహం అప్పటికీ అల్లకల్లోలం కాదు, కానీ జడత్వం పనిలోకి దిగుతుంది. పాఠంలో తప్పేమీ లేదు. నెమ్మదిగా పారితేనే అన్న షరతును మాత్రం చాలామంది మరిచిపోయారు. సెగ్రే ఫలితం నలభై ఏళ్ళకు పైగా ఈ సూక్ష్మ నాళాల చిప్‌లోకి రాకపోవడానికి పనిముట్ల కొరత కన్నా ఈ మతిమరుపే పెద్ద కారణమని నాకనిపిస్తుంది.

2007లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో డినో డి కార్లో, మెహ్మెత్ టోనర్, వారి సహచరులు పంపు వేగం పెంచి చూశారు. చతురస్రపు నాళంలో వలయం విడిపోయి, నాలుగు గోడలకూ ఎదురుగా నాలుగు స్థానాలైంది. నాళాన్ని ఎడమ కుడి వంపులు సమానంగా లేని అలల్లా మలిస్తే ఆ నాలుగూ ఒక్కటయ్యాయి. నాళం మొదట్లో వెడల్పంతా పరుచుకున్న మెరిసే పూసలు చివర్లో సన్నటి ఒకే గీతగా కనిపించాయి. ఆ గీత పొడవునా కూడా పూసల మధ్య ఎడం క్రమబద్ధంగా ఉంది. ఇక్కడ వంపు చేసిన సాయాన్ని 1920ల చివర్లోనే డీన్ వివరించాడు: వంకర గొట్టంలో ద్రవం ముందుకు పోతూనే అడ్డంగా జంట సుడులు తిరుగుతుంది. ఈ సుడుల లాగుడు రేణువు పరిమాణంతో మెల్లగా పెరిగితే, జడత్వపు తోపుడు చాలా వేగంగా పెరుగుతుంది. అందుకే పెద్దవి ఒక దారి, చిన్నవి ఒక దారి పడతాయి.

అక్కడి నుంచి వైద్యానికి ఎంతో దూరం లేదు. మిల్లీలీటరు రక్తంలో దాదాపు 500 కోట్ల ఎర్ర కణాలుంటే, కేన్సర్ రోగి రక్తంలో తిరిగే కణితి కణాలు తరచు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. అవి సాధారణంగా ఎర్ర కణాల కన్నా పెద్దవి. సిన్సినాటి, సింగపూర్ బృందాలు సర్పిలాకార నాళాలతో పరిమాణం ప్రకారం కణాలను విడదీశాయి. 2013లో టోనర్ బృందం చేసిన చిప్‌లో జడత్వం పని కణాలను వరుసలో పెట్టడం వరకే, ఏరివేత అయస్కాంతాలది.

రక్తాన్ని ఉన్నదున్నట్టు పోస్తే మాత్రం ఈ వరుస సరిగా కుదరదు. అందులో దాదాపు 45 శాతం కణాలే కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే ముందు రక్తాన్ని పల్చన చేయడమో, ఎర్ర కణాలను తొలగించడమో తప్పదు.