పరికల్పన పరీక్ష: నల్లమల పులుల లెక్క

రెండు కొలతల మధ్య కనిపించే తేడా నిజమైన మార్పును సూచిస్తోందా, లేక యాదృచ్ఛికంగా ఏర్పడిందా అని తేల్చే గణాంక పద్ధతిని పరికల్పన పరీక్ష అంటారు. మార్పేమీ లేదన్న ఊహను, అంటే శూన్య పరికల్పనను, ముందుగా నిలుపుకొని, సేకరించిన ఆధారాలు దానికి ఎంతవరకు పొసగుతాయో ఇందులో పరిశీలిస్తారు. ఈ పద్ధతి ఎంత అవసరమో పులుల గణన చరిత్ర చెబుతుంది.

పులుల సంరక్షణ పథకమైన ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి 1983లో వచ్చిన, నల్లమల అడవుల్లోని నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వు ఆంధ్రప్రదేశ్ విభజనతో రెండుగా చీలి, తెలంగాణ వైపు భాగం సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా ఏర్పడింది. కాబట్టి విభజనకు ముందటి లెక్కను తరవాతి లెక్క పక్కన పెట్టి పులులు తగ్గాయనో పెరిగాయనో అనడానికి వీల్లేదు. కొలిచిన అడవే వేరు.

దేశవ్యాప్తంగా 1972లో జరిగిన తొలి గణన పాదముద్రల ఆధారంగా సాగింది. దుమ్ములో పడిన అడుగుజాడ మీద గాజు పలక ఉంచి, అంచుల వెంట గీత గీసి, దానిని కాగితం మీదికి ఎక్కించి, ఏ జాడ ఏ పులిదో పోల్చి చెప్పేవారు. ఆ లెక్కలో తేలిన 1,827 అనే సంఖ్యకు దోషపు అంచనా జతచేయలేదు. ఒక్క పులీ లెక్క తప్పలేదన్న నమ్మకమే ఆ పద్ధతికి పునాది, అదే దాని లోపం కూడా. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో పులులు అంతరించాయని 2005లో బయటపడ్డాక దానిని విడిచిపెట్టారు.

దాని స్థానంలో వచ్చిన కెమెరా పద్ధతిని వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ 1990లలో కర్ణాటకలోని నాగరహొళెలో రూపొందించారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు, ఒకే పులికి కుడి ఎడమల చారలు కూడా కలవవు. అందువల్ల బాటకు రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలు అమరుస్తారు. ఉదాహరణకు మొదటి విడతలో 12 పులులు, రెండో విడతలో 10 పులులు ఫొటోల్లో కనిపించి, రెండింటిలోనూ కనిపించినవి 8 అయితే, మొత్తం సంఖ్య 12ను 10తో గుణించి 8తో భాగించగా వచ్చే 15 అవుతుంది. కనబడనివాటిని సైతం లెక్కలోకి తెచ్చే ఈ పద్ధతి, అంచనాతో పాటు ప్రామాణిక దోషాన్ని, అంటే ఆ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో తెలిపే కొలతను, కూడా ఇస్తుంది.

ఆ కొలత ఉన్నప్పుడే పోలిక సాధ్యం. తేడాను దాని ప్రామాణిక దోషంతో భాగించి, అంత లేదా అంతకు మించిన తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత ఎంతో చూస్తారు. అది 0.05 కన్నా తక్కువైతే శూన్య పరికల్పనను తిరస్కరించే ఆచారం గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1925లో వెలువరించిన గ్రంథంతో స్థిరపడింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన సి.ఆర్. రావు 1948లో ప్రతిపాదించిన స్కోర్ పరీక్ష, శూన్య పరికల్పన నిజమనుకున్నప్పటి అంచనాలతోనే నిర్ణయానికి రావడానికి దారి చూపింది.

దేశంలోని పులుల అంచనా 2006లో 1,411 (1,165 నుంచి 1,657 వరకు), 2010లో 1,706 (1,520 నుంచి 1,909 వరకు). 295 పెరిగాయన్న మాట వినసొంపుగానే ఉన్నా, రెండు అవధులూ కొంత మేర ఒకదానిపై ఒకటి పడుతున్నాయి. పైగా 2006లో లెక్కించని సుందరవనాల పులులు 70 రెండో అంకెలో చేరాయి.

గణాంక శాస్త్రవేత్తలు నేమన్, పియర్సన్ 1933లో ఇలాంటి పరీక్షల్లో జరిగే రెండు రకాల పొరపాట్లను వేరుచేశారు: లేని మార్పును ఉందనడం, ఉన్న మార్పును గుర్తించలేకపోవడం. అడవి విషయంలో రెండోదే ప్రమాదకరం, ఎందుకంటే తరుగుదల ఆలస్యంగా తెలిస్తే దిద్దుకునే వ్యవధి ఉండదు. పులులు తక్కువగా ఉన్న చోట మార్పును పసిగట్టే శక్తి పరీక్షకు తక్కువ కనుక, నాలుగేళ్లకోసారి జరిగే జాతీయ గణనతో సరిపెట్టకుండా టైగర్ రిజర్వుల్లో ఏటా కెమెరాలు అమర్చే విధానం ఏర్పడింది.