బర్లిన్ నుంచి తెచ్చుకున్న తాలీమ్

మన పిల్లల స్కూలు పుస్తకాల్లో జర్మనీ అంటే రెండు ప్రపంచ యుద్ధాలు, ఒక హిట్లర్. అంతే. హిట్లర్ గద్దెనెక్కకముందు ఆ ముల్క్‌కు చదువు కోసం వెళ్లిన ముగ్గురు ముస్లిం నౌజవాన్లు అక్కడ చూసింది వేరే. సయ్యద్ ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్, జాకిర్ హుసేన్. ఈ మూడో ఆయన మన హైదరాబాద్‌లో పుట్టినవారే.

జాకిర్ సాబ్ 1897 ఫిబ్రవరి 8న పుట్టారు. వాలిద్ ఫిదా హుసేన్ ఖాన్ హైదరాబాద్‌లో వకీలు. ఆయన ఇంతెఖాల్ తర్వాత కుటుంబం యూపీలోని సొంతూరు ఖాయంగంజ్ వెళ్లిపోయింది. 1920లో సర్కారు చదువులు వదిలేయమని గాంధీజీ, అలీ సోదరులు పిలుపిస్తే అలీగఢ్ కాలేజీ నుంచి బయటికొచ్చిన వాళ్లలో జాకిర్ ఒకరు. ఆ అక్టోబర్ 29నే జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. రెండేళ్లకు ఆయన బర్లిన్ చేరారు.

అప్పట్లో పై చదువంటే లండనే. మరి బర్లిన్ ఎందుకు? జర్మనీ మన మీద హుకూమత్ చేసిన దేశం కాదు. ఫల్సఫాలో, సైన్సులో దాని పేరు పెద్దది. అల్లామా ఇక్బాల్ 1907లో మ్యూనిక్ యూనివర్సిటీ నుంచే డాక్టరేట్ తెచ్చుకున్నారు. జర్మన్ కవి గోథే హాఫిజ్ షిరాజీ మీద మొహబ్బత్‌తో రాసిన దీవాన్‌కు జవాబుగా ఇక్బాల్ 1923లో 'పయామె మష్రిక్' వెలువరించారు.

ఈ ముగ్గురు చూసిన జర్మనీ ఓడిపోయిన జర్మనీ. గెలిచిన దేశాలకు జరిమానా కట్టలేక నలిగిపోతోంది. 1923 నవంబర్ నాటికి ఒక్క డాలర్‌కు 4.2 లక్షల కోట్ల మార్కులు. జీవితమంతా దాచుకున్న సొమ్ము చిత్తు కాగితమైంది. అయినా స్కూళ్లు నడుస్తున్నాయి, యూనివర్సిటీలు నడుస్తున్నాయి, కితాబులు అచ్చవుతున్నాయి. గులామీలో ఉన్న దేశం నుంచి వెళ్లినవాళ్లకు ఇది చిన్న సబఖ్ కాదు. డబ్బు పోయినా ఇల్మ్ పోనివ్వని ఖౌమ్ మళ్లీ లేవగలదు.

జాకిర్ సాబ్ బర్లిన్‌లో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ చేశారు. కానీ ఆయన దిల్‌ను పట్టుకున్నది బచ్చాల చదువు. కెర్షెన్‌స్టైనర్ అనే జర్మన్ తాలీమ్ నిపుణుడు మ్యూనిక్ స్కూళ్లలో చేతిపనిని చదువులో భాగం చేశారు. పిల్లాడు ఒక వస్తువు చేయాలనుకుంటాడు, ఎలా చేయాలో ఆలోచిస్తాడు, చేస్తాడు, తప్పెక్కడుందో తానే చూసుకుంటాడు. దిమాగ్, చెయ్యి, నియ్యత్ మూడూ ఒక్కచోట పనిచేస్తాయి. జాకిర్ సాబ్ ఆ మాటను పుస్తకంలోనే వదిలేయలేదు. బర్లిన్‌లోని కావియానీ ప్రెస్‌లో 1925లో ముచ్చటైన 'దీవానె గాలిబ్' అచ్చు వేయించారు. కొన్ని పేజీల అక్షరాలు తానే పేర్చారని చెబుతారు.

ఇంతలో ఇక్కడ జామియా మూతపడే హాలత్‌కు వచ్చింది. 1924లో టర్కీలో ఖిలాఫత్ రద్దయింది, ఉద్యమం చల్లారింది, చందాలు ఆగాయి. మూసేయవద్దు, మా జిందగీ జామియాకే ఇస్తామని ముగ్గురూ జర్మనీ నుంచి కబురు చేశారు. 1926లో తిరిగొచ్చారు. ఆ తర్వాత, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా 20 ఏళ్లు ఖిద్మత్ చేస్తామని సాథీలతో కలిసి అహద్ చేశారు. విలాయతీ డాక్టరేట్లకు పెద్ద కొలువులు దొరికే రోజులవి.

బర్లిన్ దోస్తీ వారి వెనకే వచ్చింది. గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు ఖాతూన్, సరిగ్గా హిట్లర్ గద్దెనెక్కుతున్న రోజుల్లో, జామియాకు వచ్చి చిన్నపిల్లల స్కూల్లో పనిచేశారు. బచ్చాలకు ఆమె 'ఆపా జాన్'. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ అన్న ఒకే కారణంతో ఇంగ్లీషు సర్కారు ఆమెను క్యాంపులో నిర్బంధించింది. సొంత ముల్క్‌కు ఆమె యూదు, ఇక్కడి సర్కారుకు దుష్మన్. జామియా పిల్లలకు మాత్రం ఆపాయే. 1943లో క్యాన్సర్‌తో చనిపోతే జామియా ఖబ్రస్తాన్‌లోనే దఫన్ చేశారు.

అదే జర్మనీ తాలీమ్ నేర్పింది, అదే జర్మనీ లక్షలాది యూదుల్ని చంపింది. ఇల్మ్ ఎంతున్నా ఇన్సానియత్ లేకపోతే ఏమవుతుందో దీనికన్నా పెద్ద మిసాల్ ఇంకేం కావాలి? ఆ ముగ్గురూ అక్కడి నుంచి నఫ్రత్ తెచ్చుకోలేదు, హునర్ తెచ్చుకున్నారు.

1937లో గాంధీజీ చేతిపనితో కూడిన చదువును ముందుకు తెచ్చినప్పుడు దాని కమిటీకి సదర్ జాకిర్ సాబే. ఆ వార్ధా స్కీమును ముస్లిం లీగ్ గట్టిగా వ్యతిరేకించింది. మజహబీ తాలీమ్‌కు అందులో చోటు లేదన్నది ఒక ముఖ్యమైన షికాయత్. ఆ షికాయత్‌ను కొట్టిపారేయలేం. కానీ చేతిపనిని చదువుతో కలపాలన్న మాట మనకే ఎక్కువ వర్తిస్తుంది. దర్జీలు, మెకానిక్‌లు, జరీ పనివాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. మెహనత్ చేసే చెయ్యి చదువుకు దూరమైంది, చదివిన చెయ్యి మెహనత్‌ను చిన్నచూపు చూస్తోంది. అబ్బా పనిముట్టు చూసి సిగ్గుపడే పిల్లాడికి ఎన్ని మార్కులొస్తే ఏం లాభం?

హైదరాబాదీ బిడ్డ 1967లో రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న పదవిలో ఉండగానే వఫాత్ అయ్యారు. జామియా ప్రాంగణంలోనే ఆయన మజార్ ఉంది. ఢిల్లీ వెళితే పిల్లల్ని వెంటబెట్టుకుని ఓఖ్లా వెళ్లండి. జాకిర్ సాబ్‌కు ఫాతిహా చదవండి. దగ్గర్లోనే ఉన్న ఖబ్రస్తాన్‌లో ఆపా జాన్ గురించి కూడా బచ్చాలకు చెప్పండి.